గుర్రానికి లాంగ్ టర్మ్ లేదు

మా ఇంటర్ కాలేజీలో ప్రిన్సిపాల్ సార్ ప్రతి సోమవారం స్టడీ అవర్‌కి ముందు మైక్ పట్టుకుని ఒకే మాట చెప్పేవారు. "మీరంతా రేసు గుర్రాలు. పక్కకి చూడకండి." మేం కూడా తలలు వంచుకుని నిజంగానే పక్కకి చూడకుండా కూర్చునేవాళ్ళం. ఆయన గుర్రప్పందెం ఎప్పుడైనా చూశారో లేదో గానీ, నేనైతే అప్పటికి గుర్రాన్ని పెళ్ళి బరాత్‌లో తప్ప ఎక్కడా చూడలేదు.

ఇప్పుడు మా తమ్ముడు విజయవాడ పక్కన అలాంటి ఇంకో కాలేజీలో సీనియర్ ఇంటర్. చేతిలో ఫోన్ ఉండదు. ఆదివారం సాయంత్రం వార్డెన్ గారి ఫోన్‌లోంచి పది నిమిషాలు ఇస్తారు. ఐదు నిమిషాలు ఖమ్మంలో అమ్మానాన్నలకి, ఐదు నిమిషాలు నాకు. జనవరిలో మెయిన్స్ మొదటి సెషన్ రాశాడు. పర్సెంటైల్ వచ్చాక ఆ ఆదివారం చేశాడు. ఏడవలేదు. మెస్‌లో ఇవాళ ఏం కూరో చెప్పినంత మామూలుగా అడిగాడు.

"అక్కా, ఏప్రిల్‌లో కూడా రాకపోతే?"

"ఏం కాదురా" అన్నాను.

"అదే అంటున్నా. ఏం కాను కదా" అన్నాడు.

నేను అన్న మాట ఒకటి, వాడికి వినబడింది ఇంకొకటి. సరిచేసేలోపు టైం అయిపోయింది, వెనక ఇంకొకళ్ళు క్యూలో ఉన్నారు. అయినా నా దగ్గర జవాబు ఉంటే కదా. నేను రాసిందీ అదే పరీక్ష, నాకూ రాలేదు. అందుకే మీ అందరితో పాటు ఈ కాలేజీలో కూర్చుని ఈ మ్యాగజైన్‌కి రాస్తున్నాను.

ఆ వారమే డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్‌లో ట్రీ అసైన్‌మెంట్ వచ్చింది. ఏదైనా వంశవృక్షం తీసుకుని ట్రావర్సల్ రాయమన్నారు. క్లాసులో సగం మంది మహాభారతం తీసుకున్నారు, మిగతా సగం సినిమా ఫ్యామిలీలు. నాకు ప్రిన్సిపాల్ సార్ మైక్ గుర్తొచ్చి రేసు గుర్రాలు తీసుకున్నాను. మంచి పనే చేశాను. థరోబ్రెడ్ అనే ఈ జాతి గుర్రాల్లో దేన్ని తీసుకున్నా సరే, తండ్రి, తాత, ముత్తాత అంటూ పైకి వెళ్తే చివరికి మూడు మగ గుర్రాల్లో ఒకదాని దగ్గర ఆగుతుంది. బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్. మూడూ తూర్పు దేశాల నుంచి ఇంగ్లండ్‌కి వెళ్ళినవే. రికర్షన్‌కి బేస్ కేస్ ఇంత తేలిగ్గా ఇంకెక్కడా దొరకదు.

అలా ఆ చెట్టులో పైకీ కిందకీ తిరుగుతుంటే ఒక పేరు దగ్గర ఆగిపోయాను. డయోమెడ్. మొట్టమొదటి డెర్బీ గెలిచిన గుర్రం.

డెర్బీ అంటే మన హైదరాబాద్ వాళ్ళకి మలక్‌పేటలో జరిగే డెక్కన్ డెర్బీ. ముంబై మహాలక్ష్మిలో ఇండియన్ డెర్బీ ఉంది. అమెరికాలో కెంటకీ డెర్బీ 1875 నుంచీ జరుగుతోంది. వీటన్నిటికీ అమ్మమ్మ ఇంగ్లండ్‌లో, లండన్‌కి దక్షిణాన ఎప్సమ్ అనే ఊళ్ళో ఉంది. అక్కడి గడ్డి మైదానంలో ట్రాక్ గుర్రపు నాడా ఆకారంలో ఉంటుంది. చదునుగా ఉండదు. మొదట ఎత్తు ఎక్కాలి, తర్వాత దిగుడు, ఆ దిగుడులోనే టాటెన్‌హామ్ కార్నర్ అనే మలుపు, అది దాటితే తిన్నని దారి, చివర్లో మళ్ళీ కొంచెం ఎత్తు. మొత్తం మైలున్నర, అంటే సుమారు 2,400 మీటర్లు. రికార్డు 2010లో వర్క్‌ఫోర్స్ అనే గుర్రానిది, 2 నిమిషాల 31.33 సెకన్లు.

నన్ను పట్టుకున్నది ఈ లెక్కలు కాదు, ఒక రూల్. డెర్బీలో మూడేళ్ళ గుర్రాలే పరిగెత్తాలి. రెండేళ్ళది పనికిరాదు, నాలుగేళ్ళది పనికిరాదు. అంటే ఏ గుర్రానికైనా జీవితంలో డెర్బీ ఒక్కసారే. ఆ వారం దగ్గు పట్టుకున్నా, మలుపు దగ్గర పక్క గుర్రం అడ్డమొచ్చినా, వచ్చే ఏడాది చూసుకుందాం అనడానికి లేదు. మనకైతే మెయిన్స్ రెండుసార్లు, తర్వాత ఈఏపీసెట్, అదీ కాకపోతే లాంగ్ టర్మ్. గుర్రానికి లాంగ్ టర్మ్ లేదు.

సరే, కథ మొదటికి వెళ్దాం. 1779లో పన్నెండో ఎర్ల్ ఆఫ్ డెర్బీ ఎప్సమ్‌లో మూడేళ్ళ ఆడ గుర్రాలకి ఒక రేసు పెట్టాడు. దగ్గర్లో ఉన్న తన బంగ్లా పేరే దానికి పెట్టాడు, ఓక్స్ అని. తన గుర్రమే గెలిచింది. ఆ ఉత్సాహంలో మరుసటి ఏడాది మగ, ఆడ గుర్రాలు రెండిటికీ కలిపి ఇంకో రేసు అనుకున్నారు. దానికి ఎవరి పేరు పెట్టాలి? డెర్బీ ప్రభువుదా, ఆయన స్నేహితుడు సర్ చార్లెస్ బన్‌బరీదా? నాణెం ఎగరేశారనీ, డెర్బీ గెలిచాడనీ ఒక కథ చెప్పుకుంటారు. ఆ నాణెం ఇంకోలా పడి ఉంటే ఇవాళ మలక్‌పేటలో డెక్కన్ బన్‌బరీ జరిగేది.

1780 మే 4న తొమ్మిది గుర్రాలు పరిగెత్తాయి. అప్పట్లో దూరం ఒక మైలే, మైలున్నర చేసింది 1784లో. పేరు పోగొట్టుకున్న బన్‌బరీ రేసు గెలిచాడు. ఆయన గుర్రమే డయోమెడ్.

అక్కడితో ఆగితే అది టాపర్ ఫ్లెక్సీ కథ. కానీ డయోమెడ్ తర్వాత తడబడింది, ఓడిపోవడం మొదలుపెట్టింది. రేసులు మాన్పించి పిల్లల కోసం ఉంచితే అందులోనూ పెద్దగా పేరు రాలేదు. చివరికి 1798లో, 21 ఏళ్ళ ముసలితనంలో, 50 గినీలకి అమ్మేసి అమెరికాకి ఓడ ఎక్కించారు. గుర్రానికి 21 అంటే మన రిటైర్మెంట్ దాటిన వయసు. అలాంటిది వర్జీనియాలో దిగాక మళ్ళీ మొదలైంది దాని జీవితం. అక్కడ దానికి పుట్టిన పిల్లలు గెలవడం మొదలుపెట్టాయి. 1805లో పుట్టిన సర్ ఆర్చీ అనే కొడుకు నుంచి అమెరికా రేసు గుర్రాల్లో పెద్ద శాఖే వచ్చింది. డయోమెడ్ 31 ఏళ్ళు బతికి 1808లో చనిపోయింది. నా ట్రీలో ఆ నోడ్ కింద ఎన్ని కొమ్మలున్నాయో చూసి స్క్రోల్ చేస్తూనే ఉన్నాను.

దొరికింది జవాబు అనుకున్నాను. ఆదివారం ఫోన్ రాగానే ఊపిరి తీసుకోకుండా మొత్తం చెప్పాను. వాడు బుద్ధిగా విన్నాడు.

"బాగుందక్కా. కానీ అది గెలిచిన గుర్రమే కదా. ముందు గెలిచి, తర్వాత పడి, మళ్ళీ లేచింది. నేను ముందుదే గెలవట్లేదుగా."

ఇంటర్ పిల్లలకి లాజిక్ ఎక్కువ నేర్పిస్తున్నారు.

మళ్ళీ వెతకడం మొదలుపెట్టాను. ఈసారి అసైన్‌మెంట్ కోసం కాదు. బ్రిటన్‌లో రేసు గుర్రాలన్నిటికీ పుట్టినరోజు ఒక్కటే, జనవరి 1. ఫిబ్రవరిలో పుట్టినా మేలో పుట్టినా జనవరి 1 రాగానే అన్నిటికీ ఒక ఏడు ఎక్కుతుంది. ఇది చదివి నవ్వుకున్నాను, ఎందుకంటే మా నాన్న సర్టిఫికెట్‌లో పుట్టినరోజు జూన్ 1. మా బాబాయిది జూన్ 1. నాన్న క్లాస్‌మేట్స్‌లో సగం మందిది అదే. బడిలో చేర్చుకున్న హెడ్‌మాస్టర్ గారు వేసిన తేదీలు అవి.

వయసు మీద నడిచే రేసులో వయసు మీదే మోసం జరగడం ఖాయం. 1844 డెర్బీలో రన్నింగ్ రైన్ అనే గుర్రం మొదట వచ్చింది. అది రన్నింగ్ రైనే కాదు, మెకబీయస్ అనే నాలుగేళ్ళ గుర్రం. పేరు మార్చి దింపారు. లార్డ్ జార్జ్ బెంటింక్ అనే ఆయన పట్టుబట్టి ఆధారాలు పోగుచేశాడు. కేసు కోర్టుకెళ్ళింది. జడ్జి గారు గుర్రాన్ని తీసుకురండి, చూద్దాం అన్నారు. గుర్రం మాయం. రెండో స్థానంలో వచ్చిన ఓర్లాండోకి గెలుపు ఇచ్చారు. ఈ కథ తమ్ముడికి చెప్పలేదు. ఐడియాలు ఇవ్వడం ఎందుకని.

ఆ బెంటింక్ కథ మాత్రం నన్ను వదల్లేదు. ఆయన జీవితమంతా డెర్బీ గెలవాలని గుర్రాలు పెంచాడు. 1846లో రాజకీయాల్లో మునిగిపోయి మొత్తం గుర్రాలన్నీ ఒకేసారి అమ్మేశాడు. వాటిలో సర్‌ప్లిస్ అనే పిల్ల గుర్రం కూడా ఉంది. రెండేళ్ళకి, 1848లో, ఆ సర్‌ప్లిసే డెర్బీ గెలిచింది, వేరే వాళ్ళ రంగుల్లో. మర్నాడు పార్లమెంట్ లైబ్రరీలో బెంటింక్ కుమిలిపోతుంటే చూశానని ఆయన స్నేహితుడు డిజ్రేలీ తర్వాత పుస్తకంలో రాశాడు. అదే ఏడాది సెప్టెంబర్‌లో బెంటింక్ చనిపోయాడు, 46 ఏళ్ళకి.

నాకు నాన్న గుర్తొచ్చారు. ఆయన కాలంలో ఎంసెట్ రాశారు, సీటు రాలేదు, డిప్లొమాతో ఆగిపోయారు. మమ్మల్ని ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. నా ర్యాంక్ వచ్చిన రోజు కూడా "పర్లేదమ్మా" అన్నారు. అని బయట బండి తుడవడానికి వెళ్ళారు. అప్పటికే శుభ్రంగా ఉన్న బండిని అరగంట తుడిచారు. సర్‌ప్లిస్‌కి తను గెలిచింది డెర్బీ అని తెలీదు. ఆ సాయంత్రం గడ్డి తిని పడుకుని ఉంటుంది. డెర్బీ ఎప్పుడూ గుర్రం కోరిక కాదు. కానీ పరిగెత్తాల్సింది గుర్రమే.

ఇంకా ముందుకొస్తే 1981. షెర్గర్ అనే గుర్రం పది లెంగ్త్‌ల తేడాతో గెలిచింది. డెర్బీ చరిత్రలో అంత తేడాతో గెలిచిన గుర్రం ఇంకోటి లేదు. రెండో స్థానంలో ఉన్న జాకీ, ముందున్న షెర్గర్‌ని గమనించక కాసేపు తనే గెలిచాననుకున్నాడట. షెర్గర్ మీద కూర్చున్న వాల్టర్ స్విన్‌బర్న్‌కి అప్పుడు 19 ఏళ్ళు. నా వయసు. నేను ఆ వయసులో సెగ్మెంటేషన్ ఫాల్ట్ ఎందుకొచ్చిందో తెలీక కూర్చున్నాను. అసూయపడదామనుకుంటే మిగతా కథ అడ్డొచ్చింది. రెండేళ్ళు తిరక్కుండా, 1983 ఫిబ్రవరిలో, ముసుగులేసుకున్న మనుషులు ఐర్లండ్‌లోని ఫారం నుంచి షెర్గర్‌ని ఎత్తుకుపోయారు. ఈరోజుకీ దొరకలేదు. స్విన్‌బర్న్ ఇంకో రెండు డెర్బీలు గెలిచాడు, కానీ జాకీకి ఉండాల్సిన బరువులో ఉండటానికి తిండితో ఏళ్ళ తరబడి యుద్ధం చేసి 38 ఏళ్ళకే రేసులు మానేశాడు.

ఆయన గెలిచిన రెండో డెర్బీలోనే నాకు కావాల్సిన గుర్రం దొరికింది. 1986. ఓడిపోయిన గుర్రం పేరు డాన్సింగ్ బ్రేవ్. అందరూ గెలుస్తుందనుకున్నది అదే. జాకీ దాన్ని బాగా వెనక ఉంచేశాడు. చివరి తిన్నని దారిలో అది ఒక్కొక్క గుర్రాన్నీ దాటుకుంటూ వచ్చింది. స్విన్‌బర్న్ ఎక్కిన షారస్తానీని మాత్రం అర లెంగ్త్ తేడాతో అందుకోలేకపోయింది. డెర్బీ ఒక్కసారే కాబట్టి ఆ గీత ఇక చెరగదు. కానీ అదే ఏడాది జూలైలో యాస్కాట్‌లో, అక్టోబర్‌లో పారిస్ ఆర్క్ రేసులో, రెండుసార్లూ షారస్తానీని ఓడించి గెలిచింది. ఇప్పటికీ గొప్ప గుర్రాల గురించి మాట్లాడేవాళ్ళు డాన్సింగ్ బ్రేవ్ పేరు చెప్తారు.

ఆదివారం. ఐదు నిమిషాలు. చెప్పాను.

తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నాడు. "అంటే తర్వాతైనా ఇంకో పెద్దది గెలవాలన్నమాట."

నేనేం మాట్లాడలేకపోయాను. వాడు చెప్పింది నిజం. నేను మూడు వారాలుగా వాడికి చెప్తున్నవన్నీ గెలిచిన వాళ్ళ కథలే. పైగా నేను వెతికే చోటే అలాంటిది. డెర్బీ చరిత్ర అంటే ఏడాదికొక పేరు ఉన్న లిస్టు. 1780లో మిగతా ఎనిమిది గుర్రాలు ఏమయ్యాయో ఆ లిస్టులో ఉండదు. మన కాలేజీల పేపర్ యాడ్‌లో ఫొటోలు లేనివాళ్ళు ఏమయ్యారో ఉండనట్టే.

ఆ రాత్రి నిద్రపట్టక 1913 డెర్బీ వీడియో చూశాను. శబ్దం లేని నలుపు తెలుపు ఫిల్మ్, కొన్ని సెకన్లే. గుర్రాలు టాటెన్‌హామ్ కార్నర్ తిరుగుతుంటాయి. రెయిలింగ్ కింద నుంచి ఒకావిడ ట్రాక్ మీదకి వస్తుంది. ముందు గుర్రాలు వెళ్ళిపోతాయి. వెనక వచ్చిన ఒక గుర్రం ఆమెని గుద్దేస్తుంది. ఆమె ఎమిలీ డేవిసన్, ఆడవాళ్ళకి ఓటు కోసం పోరాడి చాలాసార్లు జైలుకెళ్ళిన మనిషి. ఆక్స్‌ఫర్డ్‌లో పరీక్షలు ఫస్ట్ క్లాస్‌లో పాసైతే, ఆడవాళ్ళకి డిగ్రీ ఇవ్వం అన్న కాలం. ఆ గుర్రం అన్మర్, సాక్షాత్తూ రాజు ఐదో జార్జ్‌ది. జాకీ హెర్బర్ట్ జోన్స్ దెబ్బలతో బయటపడ్డాడు. ఎమిలీ నాలుగు రోజుల తర్వాత ఆస్పత్రిలో చనిపోయింది.

ఆ రోజు రేసులో మొదట వచ్చిన క్రాగనౌర్‌ని డిస్‌క్వాలిఫై చేసి, వందకి ఒకటి పందెంలో ఉన్న అబోయర్‌కి గెలుపు ఇచ్చారు. మామూలుగా అయితే అదే వందేళ్ళు చెప్పుకోవాల్సిన వింత. ఇవాళ 1913 అంటే ఎవరికీ అబోయర్ గుర్తురాదు.

కానీ ఈ కథ నేను తమ్ముడికి చెప్పదల్చుకోలేదు. ఎందుకో మీకు తెలుసు. మనందరం ఆ హాస్టళ్ళలో చదివాం. రిజల్ట్స్ వచ్చిన వారం పేపర్లో లోపలి పేజీ తిప్పాలంటే మన ఇళ్ళల్లో ఎంత భయమో మనకి తెలుసు. వాడు "ఏం కాను కదా" అన్న రోజు నుంచీ నేను గుర్రాల కోసం వెతకట్లేదు. ఆ భయాన్ని గుర్రాల పేరుతో తిప్పుతున్నాను. ఇది ఇప్పుడు రాస్తుంటేనే ఒప్పుకోగలుగుతున్నాను.

ఆ కథలో ఒక్క విషయం మాత్రం నాతో ఉండిపోయింది. ఎమిలీ చనిపోవాలనే వెళ్ళిందా, లేక గుర్రానికి ఏదో కట్టి తన ఉద్యమం మాట రాజు దాకా చేర్చాలనుకుందా అని చరిత్రకారులు వందేళ్ళుగా వాదించుకుంటున్నారు. ఆమె దగ్గర దొరికిన వస్తువుల్లో రైలు టికెట్ ఉంది. ఎప్సమ్ నుంచి తిరిగి లండన్‌కి. తిరిగి రావాలనే అనుకుంది అనేవాళ్ళు ముందు చూపించేది ఆ చిన్న అట్టముక్కనే. అంత పెద్ద రేసు, రాజు, పతకాలు, పందేలు, అన్నిట్లోనూ నాకు కావాల్సింది ఆ టికెట్ అని అనిపించింది.

మర్నాడు ఫోన్ తీసి, ఏప్రిల్ పరీక్ష మరుసటి రోజుకి విజయవాడ నుంచి ఖమ్మానికి సాతవాహనలో వాడి పేరు మీద టికెట్ బుక్ చేశాను. నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. "రిజల్ట్ రాకముందే ఇంటికి తీసుకొచ్చేద్దాం నాన్నా. వచ్చాక కూడా ఇంట్లోనే ఉండనిద్దాం. లాంగ్ టర్మ్ సంగతి వాడే చెప్తాడు." నాన్న చాలాసేపు ఏం అనలేదు. తర్వాత "స్టేషన్‌కి నేనే వెళ్తాలే" అన్నారు. ఈసారి "పర్లేదమ్మా" అనలేదు.

ఆదివారం వార్డెన్ గారి నంబర్ మోగింది.

"ఈసారి ఏ గుర్రం అక్కా?" అన్నాడు. నవ్వుతున్నాడు, కొంచెం.

"గుర్రం లేదురా. పరీక్ష మర్నాడు పొద్దున్న నీకు సాతవాహనలో టికెట్ తీశాను. ఇంటికి. పరీక్ష ఎలా రాసినా సరే ఆ రైలు ఎక్కు. నాన్న స్టేషన్‌లో ఉంటారు, నేను కూడా వస్తా."

"బాగా రాయకపోయినా?"

"టికెట్ మీద పర్సెంటైల్ ఉండదురా."

అటువైపు నిశ్శబ్దం. ముక్కు ఎగపీల్చిన శబ్దం. వెనక ఎవరో "టైం అయిపోయింది" అంటున్నారు.

"వెయిటింగ్ లిస్టా అక్కా?" అన్నాడు.

"కాదురా. కన్ఫర్మ్."